ఇగ రాసుడే తక్కువ

మొన్న గద్వాల నుంచి వనపర్తి పోయే బస్సులో, అసలు పుట్టనే పుట్టని ఒక పిల్ల క్షేమసమాచారం తెలిసింది. బాగానే ఉందట. మిద్దె కూడా కట్టిందట.

చెప్పింది పెబ్బేరులో ఎక్కిన ఒకామె. నాకు చెప్పలేదు, పక్కన కూర్చున్న ఇంకొకామెకు చెప్పింది. నేను వాళ్ల వెనక సీట్లో ఉన్నాను కాబట్టి వినకుండా ఉండే సౌకర్యం లేకపోయింది.

"మొగడు ఇడిసిపెట్టి పోతే ఆడది బతకదా ఏంది? ఉప్పునుంతల దిక్కు నిరంజనమ్మ అని ఒక పిల్ల ఉన్నది. మొగడు బొంబాయికి వలస పోయి ఏండ్లకేండ్లు ఇటు మొకం పెట్టలే. ఏడ్సుకుంట కూసున్నదా? మేకలు కొన్నది, అత్తను సాకింది. ఇప్పుడు మిద్దె గట్టిందంట."

"నీకెట్ల తెల్సు?"

"మా ఆడబిడ్డ చెప్పింది. మదనాపురం దిక్కోళ్లకందరికి తెల్సు."

నాకూ తెలుసు. ఆ పిల్ల పుట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. మదనాపురం రైల్వే గేటు పడి మా బస్సు ఆగినప్పుడు ఒక జువాలజీ లెక్చరరు నోట్లోంచి పుట్టింది. అప్పటికే ఆమెకు పెళ్లయి మొగుడు వలస పోయి ఉన్నాడు. జువాలజీలో కూడా అలాంటి పుట్టుక లేదు.

ఆ లెక్చరరు పోయి ఏడాది కావస్తోంది.

ఆత్మకూరులో మేం పనిచేసిన కాలేజీలో పేర్లు వాడే అలవాటు లేదు. ఎవరు ఏ పాఠం చెబితే అదే వాళ్ల పేరు. 'కెమిస్ట్రీకి జ్వరమొచ్చింది', 'ఇంగ్లీషు బిడ్డకు పెళ్లి కుదిరింది' అనుకునేవాళ్లం. ఆయన జువాలజీ. నేను ఎకనామిక్స్. నేను కొత్తగా చేరినప్పుడు వనపర్తిలో తన ఇంటి మీది గది నాకు అద్దెకిచ్చాడు. అద్దెలో పొద్దున చాయ, సాయంత్రం కథ కలిసి ఉండేవి. చాయ బాగుండేది.

రోజూ వనపర్తి నుంచి కొత్తకోట, మదనాపురం మీదుగా ఆత్మకూరుకు బస్సులో పోయి వచ్చేవాళ్లం. బస్సు ఖాళీగా ఉన్నా జువాలజీ సారు సీట్లో కూర్చునేవాడు కాదు. డ్రైవరు పక్కన ఇంజిన్ మీద మూతలా ఉంటుందే, ఆ బానెట్ మీద కూర్చునేవాడు. మిగతా జనం సీటు దొరక్కపోతే, మరో దారి లేకపోతే దాని మీద కూర్చుంటారు. వేసవిలో దాని మీద రొట్టె కాల్చవచ్చు. కానీ దాని మీద కూర్చుంటే మొహం జనం దిక్కు ఉంటుంది. సారుకు అది చాలు. కింద చేతి దస్తి నాలుగు మడతలు వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని, కళ్లజోడు తీసి అంగీ అంచుతో తుడుచుకునేవాడు. కళ్లజోడు తీస్తే కథ మొదలయినట్టు. అది లేకుండా ఆయనకు మూడో సీటు తర్వాత ఏమీ కనిపించేది కాదు. ఎవరు నిద్రపోతున్నారో తెలియకపోవడం కథ చెప్పేవాడికి ఎంత అవసరమో నాకు తర్వాత అర్థమైంది.

ఆయన చెప్పేవన్నీ తాను రాయబోయే నవలలు. పెళ్లయినప్పటి నుంచి రాయబోతూనే ఉన్నాడు. కొత్త కథ తట్టినప్పుడల్లా స్టాఫ్ రూములోకి వచ్చి రెండు చేతులూ రుద్దుకుంటూ ఒకటే మాట: "కథ దొరికింది. ఇగ రాసుడే తక్కువ." ఇల్లు కట్టాలనుకునేవాడు 'ఇగ కట్టుడే తక్కువ' అన్నట్టుగా. మేమూ అంతే గౌరవంగా తలూపేవాళ్లం.

ఒక వానాకాలం ఒక వారపత్రిక నవలా సవాలు ప్రకటించింది. దానికి ఒక వింత షరతు ఉంది. దసరాలోపల నవల కథేమిటో ఒక పోస్టుకార్డు మీద రాసి పంపాలి. ఆ తర్వాత ఉగాదిలోపల నవల పంపాలి. కార్డు మీద రాసిన కథ తర్వాత మార్చడానికి వీల్లేదు. సారులాంటి వాళ్లు ఎక్కడెక్కడ ఎంతమంది ఉన్నారో ఆ పత్రికవాళ్లకు తెలిసినట్టుంది.

ఆ పత్రిక పట్టుకుని పొద్దున్నే చాయ దగ్గరికి వచ్చాడు. ఆయన భార్యను నేను అక్కా అని పిలిచేవాణ్ని. చాయ పోస్తూ అడిగింది.

"ఏంది, పొద్దుగాల్నే నవ్వుకుంట వచ్చిన్రు?"

"నవల సవాల్ పడ్డది. ఈసారి రాస్త."

"పోయినసారి గూడ ఈసారే అన్నరు."

"అది ఆ ఈసారి. ఇది ఈ ఈసారి."

అక్క చాయగిన్నె కింద పెట్టింది. "తమ్మీ, నువ్వు సాక్షి. ఈసారి రాస్తే రాసినట్టు. రాయకుంటే ఇగ ఈ ఇంట్ల నవల అనే మాట నాకు ఇనపడొద్దు. జన్మల ఇనపడొద్దు."

"మరి నేనేం మాట్లాడాలె?"

"కరెంటు బిల్లు గురించి మాట్లాడుండ్రి. లోకమంత గదే మాట్లాడుతది."

నేను నవ్వాను. సారు నవ్వలేదు. చాయ చల్లారేదాకా కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. నవల అన్న మాట తీసేస్తే తన దగ్గర ఇంకేం మిగులుతుందో చూసుకుంటున్నట్టు అనిపించింది. కప్ప గుండెకు మూడు గదులని తెలుసు, కొడుకు గద్వాలలో పత్తి విత్తనాల దుకాణం పెట్టుకున్నాడు, రిటైర్మెంటు దగ్గరికొస్తోంది. మాట్లాడుకోవడానికి ఇవి పెద్ద సరుకేమీ కాదు.

"సరే," అన్నాడు చివరికి. "రాయకుంటే బంద్."

ఆ రోజే పోస్టుకార్డు కొని జేబులో పెట్టుకున్నాడు. అది మొదలు ఏ కథ రాయాలన్న సంగతి మా ఇంటి గోడలు దాటి బస్సెక్కింది.

మొదట గద్వాల కోట. శత్రువు దండెత్తి వస్తాడు, కోటలో ఏనుగు తప్పిపోతుంది. చాలా మంచి ఎత్తుగడ. కానీ చెప్పేవాడు జువాలజీ కావడం వల్ల ఏనుగు ఏం తింటుంది, ఎంత తింటుంది, తిన్నది ఎట్లా అరుగుతుంది అన్న దగ్గర కథ ఆగిపోయింది. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతున్న శత్రువు మర్యాదగా నీళ్లలోనే నిలబడ్డాడు. కొన్నాళ్లకు కండక్టరు టికెట్లు కొడుతూ అడిగాడు.

"సారూ, ఏనుగు తినుడు అయిపోయిందా?"

"ఇప్పుడే అరుగుతున్నది."

"జర జల్ది అరగనియ్యి సారూ. వాళ్లు పాపం నీళ్లల్ల నిలబడ్డరు."

దాంతో చరిత్ర పక్కకు పోయి డిటెక్టివు నవల వచ్చింది. కొత్తకోట హైవే మీద, దాబా ముందు ఒక లారీ ఆగి ఉంటుంది. డ్రైవరు ఉండడు. సీటు మీద రక్తం. బస్సంతా ఊపిరి బిగబట్టింది. హంతకుడు కొత్తకోట మనిషే అని సారు అనగానే కొత్తకోటలో దిగాల్సిన ఒకాయన దిగకుండా నిలబడ్డాడు.

"మావోన్నే ఎందుకు జేస్తివి సారూ? మేమేం జేసినం నీకు?"

మరునాడు హంతకుణ్ని పెబ్బేరుకు మార్చాడు. అక్కడికి పిల్లనిచ్చిన ఒక పెద్దమనిషి బాధపడ్డాడు. ఆత్మకూరుకు మారిస్తే ప్రిన్సిపాలు పిలిచి ఊరికే కుశలమడిగాడు. చివరికి హంతకుడు కృష్ణ దాటి కర్నూలు పోయినాక అందరూ శాంతించారు. అప్పటికి కథలో హత్య ఒక చోట, హంతకుడు ఒక చోట, నవల ఇంకో చోట ఉన్నాయి.

బతుకమ్మ పండుగ దగ్గర పడింది. జేబులో కార్డు చెమటకు మెత్తబడి బట్టలా అయింది. దాని మీద మా కాలేజీ అడ్రసు తప్ప ఏమీ లేదు.

అలాంటి ఒక పొద్దున మదనాపురం గేటు పడింది. గూడ్సు బండి ఎంతకూ రాలేదు. వెనక సీట్లోంచి ఎవరో, "సారూ, ఏదన్న జెప్పు, ఉబ్బరిస్తున్నది," అన్నారు. సారు కళ్లజోడు తీశాడు. ఆ రోజు ఆయన దగ్గర ఏమీ లేదని నాకు తెలుసు. కానీ కళ్లజోడు తీశాక మళ్లీ పెట్టుకోవడం ఆయనకు తెలియదు.

"ఉప్పునుంతల దిక్కు ఒక పిల్ల ఉన్నది," అన్నాడు.

ఉప్పునుంతలే ఎందుకని తర్వాత అడిగాను. "ఆ దిక్కోళ్లు మన బస్సుల ఎవ్వరు లేరు," అన్నాడు. హంతకుడి అనుభవం.

పిల్ల పేరు నిరంజనమ్మ. మొగుడు మేస్త్రీ వెంట బొంబాయి వలస పోయి మళ్లీ రాలేదు. ముసలి అత్త ఒకామె ఉంది. తల్లిగారింటివాళ్లు లేరు. వాళ్లు లేకుండా చేసింది సారే, పాత్రలు తక్కువైతే రాయడం తేలిక అని. ఇంతవరకు వచ్చేసరికి, గేటు దగ్గర ఆగిన బస్సు చూసి, ఆత్మకూరు దిక్కు కలుపు తీయడానికి పోయే ఆడవాళ్లు బిలబిలా ఎక్కారు. వాళ్లు రోజూ అక్కడే ఎక్కుతారు. గేటు పడితే బస్సు వాళ్ల కోసం ఆగినట్టే.

అందరికంటే ముందు చెన్నమ్మ. ఆమె గుంపుకు పెద్ద. బస్సులో ఎక్కడ నిలబడినా ఆమె మాట డ్రైవరుదాకా వినబడేది. ఆ రోజు బానెట్ పక్కనే నిలబడి చివరిదాకా విన్నది. దిగేటప్పుడు సారును అడిగింది.

"ఇప్పుడెట్ల బతుకుతున్నది సారూ ఆ పిల్ల?"

"అదే ఆలోచన జేస్తున్న," అన్నాడు సారు. అది నిజమే.

"మేకలు కొనుక్కోమను. జొన్నలు గిన్నలు పండే తావు కాదు గాని మేకలు బతికిస్తయి. జెప్పు సారూ మరిచిపోకుండ."

మరునాడు సారు కథలో నిరంజనమ్మ మేకలు కొన్నది. గేటు దగ్గర ఎక్కీ ఎక్కగానే చెన్నమ్మ, "జెప్పినవా సారూ?" అంది.

"జెప్పిన. కొన్నది."

గుంపులో అందరి మొహాలూ వెలిగిపోయాయి. నాకు అప్పుడు అర్థమైంది. వనపర్తిలో ఎక్కినవాళ్లకు అది కథ. గేటు దగ్గర ఎక్కినవాళ్లకు కబురు.

సారుకు కూడా అర్థమైంది. ఆత్మకూరులో దిగాక నా మొహం చూడకుండా, "రేపు జెప్పేస్త, ఇది ఉత్తకథ అని," అన్నాడు. మరునాడు నిరంజనమ్మ అత్తకు కాలు బెణికింది. ఆ ఆత్రంలో చెప్పడానికి సందు దొరకలేదు. ఆ మరునాడు గేటు పడలేదు, వాళ్లు ఉరికి ఎక్కి ఆయాసపడుతున్నారు, ఆయాసపడేవాళ్లకు అలాంటి మాట చెప్పడం బాగుండదు. ఆయన అబద్ధమాడలేదు. నిజాన్ని రేపటికి వాయిదా వేశాడు, అంతే. వనపర్తి వాళ్లు కూడా ఎవరూ నోరు విప్పలేదు. ఒకసారి ఎవరో సీట్లో సర్దుకుని ఏదో అనబోతే కండక్టరు, "టికెట్ దీసుకున్నవా నువ్వు?" అని గట్టిగా అడిగాడు.

దసరా సెలవులిచ్చిన రోజు తిరుగు బస్సులో సారు నాతో రహస్యంగా మాట్లాడాడు.

"ఎకనామిక్స్, కార్డు ఇంకా రాయలే. ఏనుగా, మేకలా అని పరేషాన్ ల ఉన్న."

"మేకలే బాగున్నయి సార్."

"బాగున్నయి. గాని మేకలకు బహుమతి ఎవరిస్తరు? పోటీ నవల అన్నంక ఎవరో ఒకరు సావాలె. మొగున్ని సంపేద్దమనుకుంటున్న. బొంబాయిల కడుతున్న బిల్డింగు మీదికెల్లి పడతడు. కబురొస్తది. ఆఖరు అధ్యాయం వాకిట్ల మేకలు అరుస్తుంటయి. ఎట్లున్నది?"

బాగుందన్నాను. నిజంగానే బాగుంది. అలాంటివాటికి బహుమతులు రావడం నేను చూశాను.

సెలవుల్లో, దసరాకు ముందే, ఒక పొద్దున, వనపర్తి సంత రోజు, నేను కింద చాయ తాగుతున్నాను. సారు పెరటి గుమ్మంలో అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడు. వీధి తలుపు దగ్గర అలికిడైతే అక్క పోయి తీసింది. చెన్నమ్మ, వెనక ఆమె గుంపు. ఒకామె నెత్తి మీద సీతాఫలాల గంప, ఇంకొకామె చంకలో బట్టలో కట్టిన మూట.

"సారున్నడా అమ్మా?"

"ఉన్నడు. ఎవరు మీరు?"

"మదనాపురం గేటు కాడోళ్లం. సారు బస్సుల వస్తలేడాయె. కండక్టరును అడిగి ఇల్లు పట్టుకొని వచ్చినం. ఆ పిల్లకు ఒడిబియ్యం తెచ్చినం."

"ఏ పిల్లకు?"

"అదే అమ్మా, మీ సారు సాకుతున్నడు చూడు, ఉప్పునుంతల పిల్ల. మొగడు బొంబాయి పోయిండు."

సాకుతున్నాడన్న మాట ఆ ఇంట్లో అంత గట్టిగా వినబడిన సందర్భం అంతకు ముందు లేదు. అక్క మెల్లగా వెనక్కి తిరిగి పెరటి గుమ్మం దిక్కు చూసింది. సారు సగం మొహం నురగతో, చేతిలో రేజరుతో నిలబడిపోయాడు. ఆ చూపును వర్ణించడం నవలలు రాసేవాళ్ల పని. నాది ఎకనామిక్స్. సరఫరా పుష్కలంగా ఉంది, గిరాకీ ఎవరి దగ్గరా లేదు అని మాత్రం చెప్పగలను.

"సారూ, సూడి మేక ఈనిందా?" చెన్నమ్మ తలుపు దగ్గరి నుంచే కేకేసింది.

"మేకనా?" అంది అక్క.

నాకేం తోచక, చెన్నమ్మకు కనబడకుండా, గాల్లో వేలితో రాసి చూపించాను. అక్క నా వేలు చూసింది. సారు మొహం చూసింది. పెళ్లయినప్పటి నుంచి విన్నదంతా ఆమెకు ఒక్కసారి గుర్తొచ్చినట్టుంది.

"కథ దొరికిందా?" అని అడిగింది, చాలా చిన్నగా.

సారు తలూపాడు. "ఇగ రాసుడే..." అన్నాడు. మిగతాది నురగలో కలిసిపోయింది.

ఇప్పుడు అక్క ఒక్క మాట అంటే చాలు, ఆడవాళ్లు సీతాఫలాలతో సహా వెనక్కి పోతారు. నిరంజనమ్మ ఆ గుమ్మంలోనే చచ్చిపోతుంది. ఆ తర్వాత సారు బానెట్ మీద కూర్చున్నా, కూర్చోకపోయినా ఒకటే.

అక్క చెన్నమ్మ దిక్కు తిరిగింది.

"ఈనింది. జంట పిల్లలు. రెండూ ఆడపిల్లలే. లోపలికి రాండ్రి."

ఆ సంగతి సారుకు కూడా అప్పుడే తెలిసింది.

అందరూ లోపలికి వచ్చి కూర్చున్నారు. చెన్నమ్మ మూట విప్పింది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, వక్కలు, తమలపాకులు, ఎర్ర రైక గుడ్డ. మా దిక్కు పెళ్లయిన ఆడబిడ్డకు తల్లిగారింటివాళ్లు పిలిచి ఒళ్లో పోసేవి.

"తల్లిగారోళ్లు లేరని సారు జెప్పినప్పటి సంది మనసున పడుతలేదమ్మా," అంది చెన్నమ్మ. "ఎవ్వరు లేకుంటే మేము లేమా? తలా ఇన్ని బియ్యం ఏసినం. గాని ఆమె యాడనో ఉన్నదాయె. ఎట్ల ముట్టియ్యాలె?"

అక్క చాప పరిచి తూర్పు మొహంగా కూర్చుని కొంగు పట్టింది. "ఆ పిల్ల పేరు మీద నా ఒళ్ల పొయ్యుండ్రి. నేను ముట్టిస్త."

"గట్ల నడుస్తదా?" అంది గుంపులో ఒకామె.

"నడుస్తది. బస్సుల తల్లిగారోళ్లు దొరికిన పిల్లకు ఏదైన నడుస్తది."

ఒప్పుకున్నారు. చెన్నమ్మ దోసిట్లో బియ్యం తీసుకుని, వంగబోయి, ఆగిపోయింది. ఏదో గుర్తొచ్చినట్టు సారు దిక్కు తిరిగింది.

"సారూ, మొగడున్న ఆడదానికే గద ఒడిబియ్యం. యాడున్నా, ఎట్లున్నా, ఆయన ఉన్నడు గద?"

అందరూ సారునే చూశారు. నేను ఇంకా ఎక్కువ చూశాను, ఎందుకంటే ఆ మొగుణ్ని సారు బొంబాయి బిల్డింగు మీది నుంచి తోసిన సంగతి ఆ ఇంట్లో నాకొక్కడికే తెలుసు. సారు భుజం మీది తువ్వాలతో నురగంతా తుడిచేసుకున్నాడు, గీసిన దిక్కూ గీయని దిక్కూ కలిపి. కళ్లజోడు పెట్టుకున్నాడు. చెన్నమ్మను సరిగ్గా చూశాడు.

"ఉన్నడు," అన్నాడు.

చెన్నమ్మ బియ్యం పోసింది. ఒకరి తర్వాత ఒకరు అందరూ పోశారు. అక్కది నాగర్‌కర్నూల్ తల్లిగారిల్లు. వాళ్ల అమ్మ పోయినప్పటి నుంచి ఆమెకు ఎవరూ ఒడిబియ్యం పోయలేదన్న సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు చూసింది మాత్రం ఇంతే: పోస్తున్నంతసేపూ అక్క తల ఎత్తలేదు. రైక గుడ్డ తీసుకుని కళ్లకద్దుకున్నాక, "పిల్లకు రంగు మంచిగుంటది," అంది.

వాళ్లు పోయాక అక్క ఒళ్లోని బియ్యం చేటలోకి ఒంపుకుంది. తర్వాత అడిగింది.

"కార్డు మీద ఏం రాసిన్రు?"

"ఏం రాయలే. ఏనుగు కథ పంపుదమా అని..."

"ఏ ఏనుగు?"

"మొగున్ని సంపుదమని గూడ అనుకున్న."

"పసుపు బియ్యం ఒళ్ల పడ్డంక ఇగ ఆయనను సంపుడు నడవదు," అంది అక్క. "నేను మాటిచ్చిన. కార్డు తీయుండ్రి."

సారు జేబులోంచి కార్డు తీశాడు. దాని మీద పెన్ను పెడితే సిరా పీల్చుకుంటోంది. నేను పోయి కొత్త కార్డు తెచ్చాను. అక్క వంటింట్లోంచి చెబుతుంటే సారు రాశాడు. ఒడిబియ్యం వండి నలుగురికీ పెట్టాలని ఆచారం. నలుగురు లేరు కాబట్టి నేనూ సారూ ఇద్దరమే నలుగురి వంతూ తిన్నాం. పచ్చటి అన్నం, మీద సీతాఫలాలు. నిరంజనమ్మ పుణ్యాన నేను ఆ పొద్దు రాత్రి అన్నం మానేయాల్సి వచ్చింది.

సెలవుల తర్వాత గేటు దగ్గర చెన్నమ్మ ఎక్కగానే అడిగింది. "ముట్టినయా సారూ?"

"ముట్టినయి. రైక గుట్టించుకున్నది."

ఆ చలికాలమంతా సారు నిజంగా రాశాడు. రాసింది రాసినట్టు వంటింటి గడప మీద కూర్చుని అక్కకు చదివేవాడు. పైన నా గదిలోకి అక్క మాటలు వినబడేవి. "మేకలకు ఆకు ఎవరు తెస్తున్నరు మరి?" "అత్త గంత మంచిదా? జర తిట్టనియ్యి." చివరికి మొగుడు తిరిగొచ్చాడు. వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. నిరంజనమ్మ లోపలికి రమ్మనలేదు, పొమ్మననూ లేదు. మేకలను మేతకు తోలుకుపొమ్మంది. నవల అక్కడ ఆగింది. ఆ ముగింపు ఎవరిదని నేను అడగలేదు.

సారు నవల పంపాడు. ఫలితాలు రాకముందే ఆ వారపత్రిక మూతపడింది. ఆ రెండింటికీ సంబంధం లేదనే నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. ఆయనేమీ బాధపడలేదు. స్టాఫ్ రూములోకి వచ్చి చేతులు రుద్దుకున్నాడు. "రెండో భాగానికి కథ దొరికింది. ఇగ రాసుడే తక్కువ." ఇంట్లో ఆ మాట బంద్ కాలేదు. రాశాడు కదా మరి. షరతు ప్రకారం జన్మంతా అనుకునే హక్కు సంపాదించుకున్నాడు.

రిటైరయ్యేదాకా బానెట్ మీద నుంచి నిరంజనమ్మ కబుర్లు చెబుతూనే ఉన్నాడు. ఆ తర్వాత నాకు గద్వాలకు బదిలీ అయింది. పోయిన వానాకాలం సారు నిద్రలోనే పోయాడు. దినాలకు చెన్నమ్మ గుంపు వచ్చింది. అందరూ ఏడ్చినాక చెన్నమ్మ అక్క పక్కన కూర్చుని మెల్లగా అడిగింది. "పిల్లకు కబురు పంపిన్రా అమ్మా?"

"పంపిన," అంది అక్క. "మేకలను ఇడిసి రాలేకపాయె."

ఇక మొన్నటి సంగతి. గద్వాల నుంచి వస్తూనే నేరుగా అక్క దగ్గరికి పోయాను. బస్సులో విన్నది చెప్పాలని మనసు ఆగలేదు. సారు పోయి ఏడాది కావస్తున్నా ఆయన పుట్టించిన పిల్ల ఇంకా బతుకుతోందని, ఎవరూ చెప్పకుండానే తనంతట తాను ముందుకు పోతోందని, కొంచెం కవిత్వం కూడా కలిపి చెప్పాను. అక్క పప్పు ఏరుతూ విన్నది.

"మిద్దెనా?" అంది, చేయి ఆపి.

"మిద్దే అక్కా. ఆమె గట్లనే చెప్పింది."

"నేను రేకుల ఇల్లనే గద జెప్పింది."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "మీరు జెప్పిన్రా?"

"మరి? చెన్నమ్మ సంత నాడు వస్తది, అడుగుతది. ఏదన్న జెప్పాలె గద. మొన్న రెండు మేకలు అమ్మి రేకులు ఏసుకున్నదని జెప్పిన. నడుమల మిద్దె ఎవరు గట్టిన్రు?"

పప్పు చేట పక్కకు పెట్టింది. కోపంగా లేదు. సారుకు కొత్త కథ దొరికిన రోజున ఆయన మొహంలో ఉండే వెలుగు ఈమెలోనూ కనిపించింది. ఇన్నాళ్లూ చూడనందుకు నాకే ఆశ్చర్యమనిపించింది.

"స్లాబా, ఉత్త గోడలేనా?"

"అది చెప్పలేదక్కా."

"అడగొద్దా? ఎం.ఏ. చదివినవు. మళ్ల అదే బస్సుకు పో. ఆమెను అడుగు. మొగున్ని లోపలికి రానిచ్చిందా గూడ అడుగు. అది నేను ఇంకా ఎవ్వరికి జెప్పలే."

అందుకని ఈ పొద్దున గద్వాలలో అదే బస్సెక్కాను. పాత బండే వచ్చింది. సీట్లు ఖాళీగానే ఉన్నాయి. దస్తి నాలుగు మడతలు వేసి బానెట్ మీద కూర్చున్నాను. కింద బాగానే కాలుతోంది. పెబ్బేరు దాకా ఓపిక పట్టాను. మొన్నటి ఆమె మెట్లెక్కుతుంటే చూసి, కళ్లజోడు తీసి అంగీ అంచుతో తుడుచుకున్నాను.